కుండీ కింది సముద్రం

మిరియపు గింజ అనుకుంది అవ్వ నన్ను.

తులసి కుండీ పక్కకి జరిపి కింద ఊడుస్తోంది ఆవిడ. ఉన్నట్టుండి నెత్తిన వెలుగు పడేసరికి గుండ్రంగా ముడుచుకున్నాను. ఆలోచించి చేసే పని కాదది, దుమ్ము లేస్తే మీ కంటిరెప్ప పడటంలాంటిదే. అవ్వ వంగి, కళ్లద్దాలు సర్దుకుని, "మిరియాలు మిద్దె మీదికి ఎట్లొచ్చినాయే?" అంటూ రెండు వేళ్లతో తీసి అరచేతిలో వేసుకుంది. అప్పుడే గిన్నెలు కడిగి వచ్చిన చెయ్యి, ఇంకా ఆరలేదు. చెమ్మ తగిలితే నాకు ధైర్యం వస్తుంది. మెల్లగా విప్పుకుని పధ్నాలుగు కాళ్లూ బయటపెట్టాను.

అవ్వ వేసిన కేకకి వీధిలో కుక్క మొరిగింది.

జయనగరలో మూడంతస్తుల ఇంటి మీది మిద్దెతోట అది. వాళ్లు హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి చాలా ఏళ్లయింది. వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు. "కుండీలకి పురుగు పట్టినాది, మందు కొట్టాల" అని అవ్వ గోల పెడుతుంటే, జంతుశాస్త్రం చదివే మనవరాలు భూతద్దం పట్టుకుని పైకి వచ్చింది. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "పురుగు కాదవ్వా ఇది. రొయ్యకీ ఎండ్రకాయకీ చుట్టం" అంది.

అవ్వ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత గొంతు తగ్గించి, "తులసమ్మ కింద నీసా?" అంది.

మా జాతిని ఇంత సూటిగా అడిగినవాళ్లు లేరు. నా కథంతా ఆ ప్రశ్నకి జవాబే.

అవునవ్వా, నీసే. చీమకి ఆరు కాళ్లు, సాలీడుకి ఎనిమిది, నాకు పధ్నాలుగు. మాది రొయ్యలూ పీతలూ ఉన్న క్రస్టేషియన్ల వంశం, అందులో ఐసోపాడ్ల శాఖ. పుట్టిల్లు సముద్రం. పెద్దమ్మలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. లోతు సముద్రపు అడుగున పాకే బాతినోమస్ జైగాంటియస్ అనే పెద్దమ్మ మూరెడు దాకా పెరుగుతుంది. 1879లో అల్ఫాన్స్ మిల్న్ ఎడ్వర్డ్స్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆమెని లోకానికి పరిచయం చేశాడు. పిన్నమ్మలు ఒడ్డు దాకా వచ్చి ఆగిపోయారు. తీరంలో బండల మీద, రేవు గోడల మీద, అల తుంపర తగిలే మేరలో బొద్దింకల్లా పరిగెత్తే లిజియాలు వాళ్లే. మేం ఒడ్డు దాటి లోపలికి వచ్చేశాం. పీతల్లో కొందరు నేల మీద తిరిగినా పిల్లల కోసం మళ్లీ సముద్రానికి పోవలసిందే. మాకు ఆ తిరుగు ప్రయాణం లేదు. అడవులు, కొండలు, గుహలు, ఎడారులు, చివరికి మీ కుండీలు అన్నిటా కలిపి 3,500కి పైగా జాతులం.

నా జాతి క్యూబారిస్ మ్యూరినా. 1833లో బ్రాంట్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు. మ్యూరినా అంటే ఎలుకకి సంబంధించినది. ఎలుక రంగు, ముడుచుకుంటే మిరియమంత ఒళ్లు, ఇదీ మన అందం. వేడి దేశాలన్నిటా చెట్ల కింద, రాళ్ల కింద దొరుకుతాం. అవ్వ వాళ్ల ఊళ్లో మాత్రం మమ్మల్నీ రోకలిబండనీ ఒకే గాటన కట్టేస్తారు. రోకలిబండ వేరు. ఒంట్లో ఒక్కో కణుపుకి దానికి రెండేసి జతల కాళ్లుంటాయి, నాకు ఒక్కటే. పడమటి కనుమల్లో ఉసిరికాయంత ఉండలా చుట్టుకునే రోకలిబండలు కూడా ఉన్నాయి, ఆర్త్రోస్ఫేరా అంటారు. వాటికీ నాకూ దగ్గరి రక్తసంబంధం లేదు. ప్రాణభయం ఇద్దరికీ ఒకే విద్య నేర్పింది, అంతే.

ఒకప్పుడు ఐరోపా వైద్యులు ముడుచుకున్న మా బంధువుల్ని మాత్రల్లా రోగులచేత మింగించేవారట. మా చిప్పలో ఉండేది సున్నమే కాబట్టి పుల్లతేన్పులకి కాస్త పనిచేసిందేమో. మింగినవాళ్ల సంగతి సరే, మింగబడినవాళ్లని ఎవరూ అడగలేదు.

నేను పుట్టింది 2023 వానల చివర, లాల్‌బాగ్‌లో, నిద్రగన్నేరు చెట్టు కింద రాలిన ఆకుల దుప్పట్లో. పుట్టడం అనే మాట నా విషయంలో కొంచెం తికమక. మా అమ్మ గుడ్లు మట్టిలో పెట్టలేదు. నీళ్లలో వదలడానికి నీళ్లెక్కడున్నాయి? కడుపు కింద, కాళ్ల మధ్య పలచటి రేకులతో ఒక సంచి కట్టుకుంది. దాన్ని తన ఒంటి నీటితో నింపింది. ఆ నీళ్లలో కొన్ని పదుల మంది తోబుట్టువులం వారాల తరబడి పెరిగాం. సముద్రం వదిలి వచ్చిన ఆడబిడ్డలు వస్తూ వస్తూ చారెడు సముద్రాన్ని కొంగున ముడేసుకుని వచ్చారన్నమాట.

బయటికి వచ్చేసరికి ఒళ్లు పాలతెలుపు, కాళ్లు ఆరు జతలే. ఏడో జత కుబుసం విడిచాక వచ్చింది. కుబుసంలోనూ మాది వేరే పద్ధతి. ముందు వెనక సగం విడుస్తాం, కొద్దిరోజులాగి ముందు సగం విడుస్తాం. ఒళ్లంతా ఒకేసారి మెత్తబడితే శత్రువు వచ్చినప్పుడు గట్టి కాలు ఒక్కటైనా ఉండదు కదా. విడిచే ముందు పాత చిప్పలోని సున్నాన్ని లాగి రొమ్ము కింద తెల్లటి పలకలుగా దాచుకుంటాం. కొత్త చిప్ప గట్టిపడటానికి అదే పెట్టుబడి. విడిచిన కుబుసాన్ని తినేస్తాం. మా ఇంట్లో చెత్తబుట్ట ఉండదు.

లాల్‌బాగ్ మీ అందరికీ తెలిసిందే. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. జనవరిలోనూ ఆగస్టులోనూ పూలప్రదర్శనకి లక్షల కాళ్లు గాజుమేడ వైపు నడుస్తాయి. ఆ నడక మాకు భూకంపం. 1908లో ఇక్కడికి వచ్చిన జర్మన్ తోటమాలి క్రుంబీగల్, ఒక చెట్టు పూత అయిపోయేసరికి మరో చెట్టు పూసేలా ఈ నగరం వీధుల్లో చెట్లు ఎంచి నాటించాడని మీరు గొప్పగా చెప్పుకుంటారు. మీ తల పైకి ఉంటుంది కాబట్టి మీకు పూలు కనిపించాయి. నా తల కిందికి ఉంటుంది. ఒక చెట్టు ఆకు అయిపోయేసరికి మరో చెట్టు రాల్చడమే నాకు కనిపించింది. అది నా పంచాంగం.

ఆకు రాలగానే తినేస్తామనుకోకండి. పచ్చి ఆకులో చేదూ వగరూ ఉంటాయి. వాన తడవాలి, బూజు పట్టాలి, సూక్ష్మజీవులు దాన్ని నానబెట్టాలి. ఊరగాయ ఊరినట్టు ఊరాలి. అప్పుడు కొరుకుతాం. మేం కొరికి, నమిలి, రవ్వలా విసర్జించినదాని మీద మళ్లీ బూజూ సూక్ష్మజీవులూ పంట వేసుకుంటాయి. ఆ రవ్వలో కొంత మేమే మళ్లీ తింటాం. అసహ్యించుకోకండి, దానికి లెక్క ఉంది. మీ రక్తంలో ఇనుము, అందుకే ఎరుపు. నా రక్తంలో రాగి, గాలి సోకితే నీలం. ఆకుల్లో రాగి దొరికేది చాలా తక్కువ. చేతికి వచ్చిన రాగి పైసాని మట్టిలో పారేసుకునే తాహతు మాకు లేదు. మిగిలిన రవ్వని వానపాములు లోపలికి లాక్కుపోతాయి. చెట్టు పైనుంచి పడేసినది వేళ్ల దగ్గరికి ఇలా చేతులు మారుతూ చేరుతుంది.

శత్రువులు లేకపోలేదు. జెర్రి, కప్ప, చుంచెలుక, ఆకుల్ని కాళ్లతో చిమ్మే పిట్టలు, ఓపిగ్గా కూర్చునే సాలీడు. చీమ వస్తే ముడుచుకుంటే చాలు, దాని దవడకి పట్టు దొరకదు. కప్ప ముందు ముడుచుకుని లాభం లేదు, అది మాత్రలా మింగుతుంది, ఆ ఐరోపా వైద్యుడి రోగిలా.

ఇంతమంది శత్రువుల్లోనూ పెద్దది పొడి గాలి. దానికి కళ్లూ కోరలూ ఉండవు, ముడుచుకున్నా వదలదు. కీటకాలు ఒంటి మీద మైనం పూసుకుని నేల మీదికి వచ్చాయి. మేం ఆ పూత లేకుండానే వచ్చేశాం. ఎండలో పడితే నాలోని నీరు గంటల్లో ఆవిరైపోతుంది. ఊపిరి తీసేది కడుపు చివర ఉన్న పలకలతో, అవి తడిగా ఉంటేనే గాలి లోపలికి ఎక్కుతుంది. అందుకే ఒళ్లంతా పొదుపు. కాళ్ల మొదళ్ల వెంట సన్నటి కాలువలు, దొరికిన తడిని అవసరమైన చోటికి తీసుకుపోతాయి. మూత్రం అనే ఖర్చు దాదాపు పెట్టుకోం, మలినాన్ని అమ్మోనియా వాయువుగా గాల్లోకి వదిలేస్తాం. గాలి పొడిగా ఉంటే వేగంగా తిరుగుతాం, చెమ్మ తగిలితే నెమ్మదిస్తాం. తెలివి కాదిది. ఎండలో పరిగెత్తి నీడలో ఆగేవాడు చివరికి నీడలోనే తేలతాడు, అంతే. దారి మలుపు తిరిగితే ఒకసారి ఎడమకి, తరువాత కుడికి వేస్తాం, మొదలుపెట్టిన చోటికే తిరిగి రాకుండా. ఇంకా కరువొస్తే ఒకళ్ల మీద ఒకళ్లం గుంపుగా పడుకుంటాం. ఒంటరి కంటే గుంపుకి నీరు నెమ్మదిగా ఆరుతుంది.

ఇలా తడి లెక్క పెట్టుకుంటూ బతికే నేను, 2024 ఫిబ్రవరిలో ఒక ఆకుల ఎరువు గోనెసంచిలో ఎక్కి, ఆటోలో లాల్‌బాగ్ గేటు దాటి జయనగర చేరాను. అడగకుండా చేసిన ప్రయాణం. మా జాతి లోకమంతా పాకింది కూడా ఇలాగే, మొక్కల వేళ్లని అంటుకున్న మట్టిలో, ఓడల్లో. ఎక్కడ మనిషి కుండీ దింపితే అక్కడ మేం దిగాం.

దిగింది మాత్రం చెడ్డకాలంలో.

ఈ నగరం సంగతి మీకు నేను చెప్పాలా? సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున, పక్కన పెద్ద నది లేకుండా వెలిసింది. కింద నీరు పట్టని పాతరాయి. లాల్‌బాగ్ కొండ మీద మీరు కూర్చుని పల్లీలు తినే ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. పగుళ్లలో నిలిచిన నీరే బోరు నీరు. 1537లో ఊరు కట్టిన కెంపేగౌడకి ఇది తెలుసు. అందుకే ఆయనా తరువాతివాళ్లూ చెరువులు తవ్వించారు. ఒక చెరువు నిండి పొర్లితే కింది చెరువుకి నీరు చేర్చే రాజకాలువలుండేవి. నా కాళ్ల మొదళ్ల కాలువలకీ వాటికీ పెద్ద తేడా లేదు. తరువాత చెరువులు బస్టాండ్లయ్యాయి, మైదానాలయ్యాయి. 1896లో హెసరఘట్ట నుంచి నీళ్లు తెచ్చారు. చాలక, 1974లో కావేరిని తెచ్చారు. దాదాపు 100 కిలోమీటర్ల దూరం, దాదాపు అర కిలోమీటరు ఎత్తు ఎక్కించాలి. సముద్రం వదిలి పైకి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాదన్నమాట. ఇంత ఎత్తున కూర్చుని నీటిని కొంగున ముడేసుకుందామని ఈ ఊరూ తంటాలు పడుతోంది. కాకపోతే దాని ముడి ఎప్పుడో వదులైంది.

2023లో వానలు మోసం చేశాయి. 2024 మార్చికల్లా నగరంలోని దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లలో సగం దాకా ఎండాయని ప్రభుత్వమే చెప్పింది. తాగేనీళ్లతో కార్లు కడిగినా తోటలు తడిపినా 5,000 రూపాయలు జరిమానా అని జలమండలి ఉత్తర్వు వేసింది. వీధిలో ట్యాంకర్ హారన్ కొడితే బిందెలు పరిగెత్తేవి. ఏప్రిల్ నెలంతా నగర వాతావరణ కేంద్రం కొలవదగ్గ వాన ఒక్కటీ చూడలేదు. మిద్దె మీద కుండీలు పగటిపూట పెనంలా కాలేవి. మట్టి అంచులు వదిలి ముడుచుకుపోయింది. నాతో వచ్చినవాళ్లలో చాలామంది ఆ నెర్రెల్లో ముడుచుకునే ఎండిపోయారు, ముడి విప్పలేదు. నేను బతికింది తులసి కుండీ కింద. నీళ్లు లేకపోయినా తులసికి చెంబెడు తప్పనిసరి కదా. ఆ చెంబులో నాలుగు చుక్కలు అడుగు చిల్లులోంచి నా మీద పడేవి.

అవ్వ నన్ను మిరియం అనుకున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే.

మనవరాలు నా కోసం వాదించింది. అవ్వ సాక్ష్యం అడిగింది. సరేనని ఒక గాజుసీసాలో తడిమట్టి వేసి, ఒక వైపు ఎండాకు, ఒక వైపు టమోటా మొలక పెట్టి మాలో పదిమందిని వదిలింది. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, మేమంత సాధువులం కాదు. మెత్తటి మొలక పక్కనే ఉంటే, పైగా ఆకలి మీద ఉంటే, నోరు పెట్టకుండా ఉండలేం. గుంపు పెరిగి ఎండాకు కరువైతే లేత మొక్కలకి మావల్ల నష్టమే. కానీ వారం తిరిగేసరికి ఎండాకు జల్లెడలా తయారైంది, మొలకకి ఒక ఆకు అంచు మాత్రమే పోయింది.

అవ్వ సీసాని వెలుగులో పట్టుకుని చూసింది. "ఎండాకు వెయ్యకపోతే పచ్చాకు తింటాయి. వేస్తే వాటి పని అవి చూసుకుంటాయి. అంతే కదే?" అంది.

అంతే. శాస్త్రం చదివిన పిల్ల నాలుగు పుటల్లో రాసేది అవ్వ రెండు ముక్కల్లో తేల్చేసింది.

మర్నాడు మనవరాలు రోడ్డు మీద ఊడ్చి కుప్ప పోసిన ఆకులు రెండు సంచుల నిండా తెచ్చింది. బహిరంగ స్థలాల్లో చెత్త తగలబెట్టకూడదని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు చెప్పినా, తెల్లవారుజామున ఆ కుప్పలకి ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తూనే ఉంటారు. లాల్‌బాగ్‌లో ఉన్నప్పుడే గోడ అవతలి నుంచి ఆ పొగ వాసన నాకు తెలుసు. మా అన్నం మాడిన వాసన అది. ఆ రోజు మాత్రం రెండు సంచుల అన్నం మాడకుండా మిద్దె ఎక్కింది. ప్రతి కుండీలో మట్టి మీద జానెడు మందాన పరిచారు. దాని మీద అవ్వ బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు పోసేది. కావేరి కాదు కాబట్టి జరిమానా లేదు.

మొదటి రోజు సాయంత్రం వేలు మట్టిలో గుచ్చి చూసుకుని, "ఇంకా చెమ్మ ఉండాది!" అని ఆశ్చర్యపోయింది. ఆకుల దుప్పటి కింద మట్టి సాయంత్రం దాకా ఆరలేదు. అడవికి తెలిసిన సంగతే అది. చెట్టు ఆకు రాల్చేది పారెయ్యడానికి కాదు, తన కాళ్ల మీద తడి కప్పుకోవడానికి. మీరు దాన్ని చెత్త అని ఊడ్చి, తగలబెట్టి, ఆరిపోయిన నేలకి పైపుతో నీళ్లు పెడతారు. నాకు పొలాల గురించీ నగరాల గురించీ తెలిసింది తక్కువ. తడి గురించి తెలిసింది మాత్రం ఎక్కువే, ఎందుకంటే అదొక్కటే తెలుసుకుని ఇంత దూరం వచ్చాం.

మేలో జల్లులు మొదలయ్యాయి. ఆ నెల్లో నేను విడిచిన కుబుసం ఎప్పటిలాంటిది కాదు. కొత్త చిప్పతో పాటు కడుపు కింద పలచటి రేకులు పొడుచుకొచ్చాయి. ఒకదాని మీద ఒకటి కప్పుకుని సంచిగా మూసుకున్నాయి. లోపల నీరు చేరింది. ఆ నీటిలో బరువు చేరింది. కాలు తీసి కాలు వెయ్యడం కష్టమైంది. గుండ్రంగా ముడుచుకోవడమూ కష్టమైంది. కరువంతా ఒక్కో చుక్క దాచుకున్న ఒళ్లు, ఇప్పుడా చుక్కల్ని తీసి పిల్లలకి చెరువు కట్టింది.

జూన్ 2 రాత్రి వాన వచ్చింది. ఒక్క రోజులో 111.1 మిల్లీమీటర్లు. జూన్ నెలలో ఒక్క రోజు వానకి 1891 నుంచి ఉన్న రికార్డు చెరిగిపోయింది. నగరంలో చెట్లు కూలాయి, రోడ్లు కాలువలయ్యాయి. రాజకాలువలు పూడ్చిన చోట నీరు దారి వెతుక్కుంటూ ఇళ్లలోకి పోయింది. మిద్దె మీద నీరు మడమ లోతు నిలిచింది. నేను కుండీ గోడ పట్టుకుని ఎక్కుతూనే ఉన్నాను, ఒక మెలిక ఎడమకి, ఒక మెలిక కుడికి, కడుపు కింద నా నీళ్లు మోసుకుంటూ. నెలల తరబడి నీటి కోసం పాకిన దాన్ని, ఆ రాత్రి నీటి నుంచి తప్పించుకోవడానికి పాకాను. మునిగితే మాకూ ఊపిరి ఆడదు. సముద్రానికి మేం ఎప్పుడో పరాయివాళ్లమయ్యాం.

తెల్లవారేసరికి ఆకుల దుప్పటి పైన ఉన్నాను. మట్టి కొట్టుకుపోలేదు, దుప్పటి పట్టి ఉంచింది.

మరి కొన్నాళ్లకి ఒక పొద్దున అవ్వ పూలు కోయడానికి వచ్చి, అలవాటుగా తులసి కుండీ కింద తొంగి చూసింది. ఈ మధ్య ఊడ్చేముందు మమ్మల్ని పక్కకి జరపడం నేర్చుకుంది. సరిగ్గా అప్పుడే నా సంచి రేకులు విడుస్తున్నాయి. ఒకరి వెనక ఒకరు, తెల్లగా, ఆరేసి జతల కాళ్లతో, తడిమట్టి మీదికి దిగుతున్నారు. అవ్వ కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి చాలాసేపు చూసింది. తరువాత మెట్ల వైపు తిరిగి కేకేసింది. ఈసారి కుక్క మొరగలేదు.

"మే, రాయే ఇట్లా! మన మిరియానికి గసగసాలు పుట్టినాయి!"